నష్తర్ పని అయిపోయాక

కేన్సర్ ఆపరేషన్ల చరిత్ర మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఏ జర్రాహ్ ఏ అవయవాన్ని మొదటిసారి కోశాడు, ఎంతసేపట్లో కోశాడు, మరీజ్ బతికిందా లేదా, అన్నీ దొరుకుతాయి. టాంకాలు వేసి, పట్టీ కట్టి, మరీజ్‌ని ఇంటికి పంపేశాక ఆ అధ్యాయం అయిపోతుంది. ఇంటికొచ్చిన మనిషికి మాత్రం అసలు కథ అక్కడ షురూ అవుతుంది. పక్క మీద నుంచి ఎలా లేవాలి, చెయ్యి ఎంత ఎత్తొచ్చు, ఏం తినాలి, నమాజ్ ఎలా చదవాలి, చూడ్డానికొచ్చిన ఖాలాకి ఏం చెప్పాలి, ఏం దాచాలి... ఆ నెలల గురించి రాసినవాళ్లు తక్కువ. రాసిన ఆ కొంచెం కూడా ఎక్కువగా ఉత్తరాల్లో దొరుకుతుంది. అవి ఆడవాళ్లు ఆడవాళ్లకి రాసుకున్న ఉత్తరాలు. ఈ వ్యాసం ఆ మిగిలిపోయిన సగం గురించి.

కేన్సర్‌కి అరబ్బీలో, ఉర్దూలో సర్తాన్ అని పేరు. అంటే పీత. గ్రీకులు పెట్టిన పేరుకి అర్థం కూడా అదే. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు పీత కాళ్లలా కనిపించాయట వాళ్లకి. వెయ్యేళ్ల కిందట అందలూస్‌లో ఉన్న అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన "అత్ తస్రీఫ్" గ్రంథంలో నష్తర్ పనికి ఒక భాగం మొత్తం కేటాయించాడు. సర్తాన్ చిన్నదిగా, కొత్తగా ఉన్నప్పుడు మొత్తం తీసెయ్యమన్నాడు. పాతబడి పెద్దదైపోతే ముట్టుకోవద్దన్నాడు. అలాంటిదాన్ని తాను నయం చెయ్యలేకపోయానని, నయం చేసినవాణ్ణి చూడలేదని కూడా దాచకుండా రాశాడు. అంత పెద్ద జర్రాహ్ తన చేతకానితనాన్ని కాగితం మీద పెట్టడం నాకు ఆయన కనిపెట్టిన పనిముట్లన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. ఇబ్నె సీనా కూడా "అల్ ఖానూన్"లో దాదాపు ఇదే మాట చెప్పాడు: తీస్తే మొదట్లోనే తీయాలి, చుట్టుపక్కల ఏమీ మిగల్చకుండా తీయాలి.

తీశాక మనిషి సంగతి? దానికి జవాబు తిబ్ పుస్తకాల్లో కంటే వక్ఫ్ కాగితాల్లో దొరుకుతుంది. 1284లో సుల్తాన్ ఖలావూన్ ఖాహిరాలో కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ వక్ఫ్‌నామాలో ఒక షరతు ఉంది. దవాఖానాలో పడుకున్నవాళ్లకే కాదు, తమ ఇళ్లలో మంచం మీద ఉన్న బీద మరీజ్‌లకి కూడా మందులు, షర్బత్‌లు, తిండి అందాలి అని. ఇలాజ్ దవాఖానా గుమ్మం దగ్గర అయిపోదని ఆ షరతు రాసినవాళ్లకి తెలుసు. ఏడువందల ఏళ్ల తర్వాత కూడా ఆ మాట మన ప్రభుత్వాలకి గుర్తుచెయ్యాల్సి వస్తోంది.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఫానీ బర్నీ అని ఇంగ్లండులో పేరున్న నవలా రచయిత్రి. 1752లో పుట్టింది. ఫ్రెంచ్ ఫౌజీ అఫ్సర్ అలెగ్జాండర్ దార్బ్లేని నికా చేసుకుని, నెపోలియన్ జమానాలో పారిస్‌లో ఉండిపోయింది. 1810 ఆగస్టులో కుడి రొమ్ములో నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లు పసిగట్టి డాక్టర్లని పిలిచేదాకా నెట్టుకొచ్చింది. చివరికి నెపోలియన్ సైన్యానికి జర్రాహ్‌గా ఉన్న లారే వచ్చి చూశాడు. ఈ లారే నెపోలియన్ వెంట మిస్ర్ దాకా వెళ్లి, అక్కడి యుద్ధాల్లో ఎన్నో చేతులు కాళ్లు తీసిన మనిషి. ఆయనకే ఈమెకి కోత తప్పదని చెప్పేటప్పుడు కళ్లలో నీళ్లొచ్చాయట.

1811 సెప్టెంబరు 30న ఆపరేషన్ జరిగింది. దవాఖానాలో కాదు, ఆమె ఇంట్లోనే. ఆ రోజుల్లో ఉన్నవాళ్లు దవాఖానాకి వెళ్లేవాళ్లు కాదు, డాక్టరే ఇంటికొచ్చేవాడు. కొద్ది గంటల ముందు మాత్రమే కబురొచ్చింది. ఆమె ఆ కొద్ది గంటల్లో రెండు పనులు చేసింది. భర్త ఆ సమయానికి ఇంట్లో ఉండకుండా, ఆఫీసు పని ఉందని బయటికి పంపే ఏర్పాటు చేసింది. కొడుకునీ దూరంగా ఉంచింది. తర్వాత తన గదిని తానే సర్దింది. పట్టీలు, దూది, స్పాంజీలు బల్ల మీద గుట్టగా పేర్చి ఉండటం చూసి ఆమె గుండె జారిపోయింది. మన ఇళ్లలో ఏ ఆడదైనా ఇదే చేస్తుంది కదా! తనకి కోత అని తెలిసినా ముందు ఇల్లు సర్దుతుంది, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల సాలన్ పెట్టి మరీ దవాఖానాకి బయలుదేరుతుంది.

నల్లబట్టలు వేసుకున్న ఏడుగురు మగవాళ్లు లోపలికి వచ్చారు. మత్తుమందు అప్పటికి దునియాలో ఎవరికీ అందుబాటులో లేదనే చెప్పాలి. జపాన్‌లో హనావోకా సేషూ అనే వైద్యుడు 1804లోనే మూలికల మత్తుతో రొమ్ము ఆపరేషన్ చేశాడు కానీ ఆ విద్య జపాన్ దాటి రాలేదు. ఫానీకి ఇచ్చింది ఒక గ్లాసు వైన్. మొహం మీద పల్చటి రుమాలు కప్పారు. ఆ రుమాలులోంచి అంతా కనిపిస్తూనే ఉంది. గదిలో ఉన్న ఆడవాళ్లని బయటికి పొమ్మన్నారు డాక్టర్లు. వద్దని ఆమె అడ్డం పడింది. మగవాళ్లందరి మధ్య ఒక్క ఆడమనిషి ఆసరా కావాలని ఆమె అడగడం ఏ నర్సుకైనా, ఏ బేటీకైనా అర్థమవుతుంది. ఇరవై నిమిషాలు పట్టింది. కోత గురించి ఇంతకంటే ఇక్కడ రాయను. కావాల్సినవాళ్లకి ఆ ఉత్తరం అంతా అచ్చులో ఉంది.

నన్ను ఆపేసేది ఆ తర్వాతి సంగతి. రోజులు కాదు, వారాలు కాదు, నెలల తరబడి ఆమె ఆ విషయం నోట పలకలేకపోయింది. తలచుకుంటే మళ్లీ ఆ మంచం మీద ఉన్నట్టే అయ్యేది. అక్క ఎస్తర్‌కి ఉత్తరం రాయడం 1812 మార్చిలో మొదలుపెట్టి జూన్ దాకా రాస్తూనే ఉంది. రాస్తే తలనొప్పి వచ్చేది. రాసింది తిరిగి చదువుకునే ధైర్యం లేదని కూడా అందులోనే రాసింది. జఖమ్ మానింది, మనసు ఇంకా మానలేదు. దీన్ని ఈరోజు డాక్టర్లు ఒక పేరు పెట్టి పిలుస్తారు, మందు కూడా ఇస్తారు. మన ఇళ్లలో మాత్రం "ఆపరేషన్ బాగా అయింది కదా, ఇంకా ఏడుపెందుకు, షుకర్ చెయ్" అంటాం. షుకర్ వేరు, ఏడుపు వేరు. షుకర్ చేసే మనిషికి కూడా రాత్రిళ్లు నిద్ర పట్టదు.

ఆ ఆగస్టులోనే, అంటే ఆపరేషన్ అయిన పదకొండో నెలలో, ఫానీ కొడుకుని ఫ్రెంచ్ ఫౌజు నుంచి తప్పించడానికి ఓడెక్కి ఇంగ్లండు చేరింది. 1814లో ఇంకో నవల అచ్చేయించింది. 1840లో, ఎనభై ఏడేళ్ల వయసులో పోయింది. అది నిజంగా సర్తానేనా అని ఇప్పటి డాక్టర్లు కొందరు సందేహిస్తారు. ఉండొచ్చు. ఆ మంచం మీద పడుకున్న మనిషికి ఆ సందేహం లేదు.

విచిత్రం ఏమిటంటే, ఫానీ ఆపరేషన్ జరిగిన ఎనిమిది రోజులకి, సముద్రం అవతల, ఇదే ఇంకో ఇంట్లో జరిగింది. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కూతురు ఆబిగెయిల్, ఇంట్లో నాబీ అని పిలిచేవాళ్లు. రొమ్ములో గడ్డ తెలిశాక ఆమె సస్రాల్ నుంచి మైకాకి వచ్చింది. క్విన్సీ ఊళ్లో తల్లిదండ్రుల ఇంట్లో, 1811 అక్టోబరు 8న, డాక్టర్ జాన్ వారెన్ కోశాడు. ఆమె తర్వాతి వేసవి దాకా తల్లి దగ్గరే ఉండి కోలుకుంది. తల్లి తీమార్‌దారీ, తండ్రి ఆందోళన, స్నేహితులకి రాసిన ఉత్తరాలు, అన్నీ రికార్డులో ఉన్నాయి. నయమైందనుకుని ఇంటికెళ్లింది. రోగం తిరగబెట్టింది. 1813లో ఒళ్లంతా నొప్పితో, వందల మైళ్లు బండిలో ప్రయాణం చేసి మళ్లీ మైకాకే వచ్చింది, పోవడానికి. ఆ ఆగస్టులో తల్లి చేతుల దగ్గరే ప్రాణం పోయింది. కోలుకోడానికైనా, పోడానికైనా ఆడదానికి అమ్మ ఇల్లే గుర్తుకొస్తుంది. దేశం ఏదైతేనేం.

1846లో బోస్టన్‌లో ఈథర్, ఆ మరుసటేడు ఎడిన్‌బరోలో క్లోరోఫామ్ వచ్చాయి. కోత నొప్పి పోయింది. ఇందులో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిస్తే, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో ఇక్కడ రెండు క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. లండన్ నుంచి ఒక డాక్టర్ దిగి వచ్చాడు. ఆ కమిషన్ల తీర్మానంలో తప్పులున్నాయని తర్వాత తేలింది, అది వేరే వ్యాసం.

నొప్పి లేకపోయేసరికి జర్రాహ్‌లకి ధైర్యం పెరిగింది. ధైర్యం పెరిగేకొద్దీ కోత పెరిగింది. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ ఒకేసారి తీసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. 1894లో యాభై మంది మరీజ్‌ల లెక్క అచ్చేశాడు. ఎనభై ఏళ్లపాటు దునియా అంతా అదే చేసింది. టేబుల్ మీద అది గొప్ప విజయమే. ఇంటికెళ్లాక? చంక గ్రంథులు పోయిన చెయ్యి వాచిపోయేది. కండరాలు పోయిన భుజం పైకి లేచేది కాదు. తల దువ్వుకోలేదు, జాకెట్టు చెయ్యి ఎక్కదు, పిండి పిసకలేదు, బిడ్డని ఎత్తుకోలేదు. ఆ వాపుకి హాల్‌స్టెడే 1921లో ఒక పేరు పెట్టాడు, దాని అర్థం "ఆపరేషన్ వల్ల వచ్చిన ఏనుగు జబ్బు" అని. పేరైతే పెట్టాడు కానీ ఆ చెయ్యితో పాతికేళ్లు సంసారం చేసినామెకి ఏ పుస్తకంలోనూ పేరు లేదు. 1971లో బెర్నార్డ్ ఫిషర్ పదహారు వందల మందికి పైగా ఆడవాళ్లతో పరీక్ష మొదలుపెట్టి, అంత కోసినా తక్కువ కోసినా బతికే కాలంలో తేడా లేదని తేల్చేదాకా ఆ కోత ఆగలేదు.

ఈ మధ్యలో, ఇంటి సగాన్ని పట్టించుకున్న మనిషి ఒక మరీజే. 1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆమెకి అదే హాల్‌స్టెడ్ ఆపరేషన్ అయింది. చెయ్యి ఎలా కదపాలి, బట్టలు ఎలా వేసుకోవాలి, భర్తతో ఎలా మాట్లాడాలి అని అడిగితే జవాబు చెప్పిన డాక్టర్ లేడు. తానే దారి వెతుక్కుంది. తర్వాత ఆపరేషన్ అయిన ఆడవాళ్ల మంచాల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. సంచిలో ఒక రబ్బరు బంతి, ఒక తాడు, బ్రాలో పెట్టుకునే మెత్తటి దిండు. బంతి పిసకడానికి, తాడు తలుపు మీద నుంచి వేసి చెయ్యిని మెల్లగా పైకి లాగడానికి. "నాకూ అయింది, చూడు, నా చెయ్యి లేస్తోంది" అని చూపించేది. కొన్ని దవాఖానాలు ఆమెని గేటు దగ్గరే ఆపాయి, డాక్టర్ కాని మనిషి మరీజ్‌కి చెప్పేదేమిటని. 1969కి అమెరికన్ కేన్సర్ సొసైటీ ఆ పనినే తన పనిగా తీసుకుంది. ఆ తాడు, ఆ బంతి ఈరోజు ఫిజియోథెరపిస్ట్ చెప్పే కసరత్తులకి ముత్తవ్వలు. డాక్టర్ ఫలానా రోజు నుంచి చెయ్యి కదపమంటే కదపాలి. "పాపం, కదపకు బేటీ, టాంకాలు ఊడతాయ్" అని ప్రేమగా పట్టుకున్న చెయ్యే ఆ భుజాన్ని బిగదీసేస్తుంది.

ఆరామ్ అనే మాట కూడా ఇలాంటిదే. కోత అయినవాణ్ణి రెండు మూడు వారాలు కదలనివ్వకుండా పడుకోబెట్టడం పాతకాలపు దస్తూర్. 1899లోనే షికాగోలో ఎమిల్ రీస్ అనే డాక్టర్ తన మరీజ్‌లని త్వరగా లేపి నడిపించి, వాళ్లు బాగున్నారని రాశాడు. ఎవరూ వినలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలు చాలక, డాక్టర్లు తక్కువై, మరీజ్‌లని తొందరగా లేపాల్సి వచ్చింది. లేచినవాళ్లకి కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం తగ్గాయి. 1947లో లండన్ డాక్టర్ రిచర్డ్ ఆషర్ మంచం మీద పడుకోబెట్టడం వల్ల వచ్చే ప్రమాదాల మీదే ఒక వ్యాసం రాశాడు. 1990లలో కోపెన్‌హాగన్‌లో హెన్రిక్ కెలెట్ పెద్దపేగు ఆపరేషన్ అయిన వృద్ధుల్ని కూడా రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపగలిగాడు. నొప్పి బాగా తగ్గించడం, త్వరగా తినిపించడం, త్వరగా నడిపించడం, ఇదే ఆయన తరీఖా. మన దవాఖానాలు ఇప్పుడు త్వరగా పంపేస్తున్నాయంటే సగం కారణం ఇది. మిగతా సగం బెడ్ల లెక్క, బిల్లుల లెక్క అనుకోండి.

మన ఇళ్లు మాత్రం ఇంకా పాత దస్తూర్‌లోనే ఉన్నాయి. లేవనివ్వరు. గుడ్డు పెడితే చీము పడుతుందని, పప్పు పెడితే వాపొస్తుందని ఉత్త చారన్నం పెడతారు. కోసిన కండ మళ్లీ అతుక్కోవడానికి కావాల్సింది ఆ గుడ్డూ ఆ పప్పే. యఖ్నీ పెట్టిన నానీ ఈ విషయంలో పర్హేజ్ పెట్టిన పక్కింటావిడ కంటే తెలివైనది. డాక్టర్ వద్దన్నది తప్ప మిగతావేవీ మరీజ్ పళ్లెంలోంచి తీయకండి.

పేగు కేన్సర్ అయినవాళ్ల సంగతి ఇంకా కష్టం. 1908లో లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ చెప్పిన ఆపరేషన్‌లో కింది పేగూ మలద్వారమూ తీసేసి, పొట్ట మీద దారి పెడతారు. ప్రాణం దక్కుతుంది. దశాబ్దాలపాటు ఆ దారికి గుడ్డలు, రేకు డబ్బాలు, కారిపోయే రబ్బరు సంచులు కట్టుకుని మనుషులు ఇల్లు కదలకుండా బతికారు. దీన్ని మార్చింది కూడా ఒక తోబుట్టువే. డెన్మార్క్‌లో ఎలీసె సోరెన్‌సెన్ నర్సు. ఆమె చెల్లెలు తోరాకి ఆ ఆపరేషన్ అయ్యాక, కారుతుందేమోనన్న షరమ్‌తో నలుగురిలోకి వెళ్లడమే మానేసింది. చెల్లెల్ని చూడలేక ఎలీసె 1954లో ఒంటికి అంటుకునే, వాడి పారేసే ప్లాస్టిక్ సంచి ఆలోచన చేసింది. ప్లాస్టిక్ ఫ్యాక్టరీ యజమాని ఒకాయన మొదట కాదని, తర్వాత నర్సుగా పనిచేసిన తన భార్య చెబితే ఒప్పుకుని తయారుచేశాడు. ఈరోజు మన మెడికల్ షాపులో దొరికే ప్రతి బ్యాగూ ఆ చెల్లెలి షరమ్ నుంచి పుట్టిందే.

ఆ బ్యాగుతో ఇంటికొచ్చిన ముసలాయన మొదట అడిగేది జీతం గురించో తిండి గురించో కాదు, "నా నమాజ్ అవుతుందా?" అని. ఇంట్లో ఎవరికీ తెలియక, ఆయన సిగ్గుతో ఎవర్నీ అడగక, ముసల్లా మడిచి పెట్టేస్తాడు. ఈ కిస్సా మన మహల్లాల్లో ఎన్నోసార్లు జరుగుతోంది. మన ఫిఖ్‌లో ఇలాంటివాళ్లకి మాజూర్ అని ఒక బాబ్ మొత్తం ఉంది. మన చేతిలో లేకుండా కారేదానికి తప్పు మనది కాదు. హనఫీ మస్లక్‌లో ప్రతి నమాజ్ వక్త్‌కి ఒకసారి వుజూ చేసుకుంటే ఆ వక్త్ అంతా చెల్లుతుంది. పట్టీ మీద నీళ్లు పోయకుండా తడిచేత్తో మసహ్ చేస్తే చాలు. నీళ్లే ప్రమాదమైతే తయమ్ముమ్ ఉంది. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకి తిరిగి పడుకుని చదవొచ్చని హదీసే ఉంది. మీ మహల్లా ఆలిమ్‌ని అడిగితే వివరంగా చెబుతాడు. అడిగే బాధ్యత మరీజ్ మీద వదిలేయకండి, ఇంట్లో జవాన్ పిల్లలెవరైనా వెళ్లి అడిగి రండి.

ఇయాదత్ గురించి కూడా ఒక మాట. ఖందఖ్ యుద్ధంలో సాద్ బిన్ మువాజ్ (రజి) చేతికి బాణం తగిలితే, దగ్గర నుంచి పరామర్శించడానికి వీలుగా ప్రవక్త (స) మస్జిద్‌లోనే ఆయనకి గుడారం వేయించారు. గాయపడ్డవాళ్లకి ఖిద్మత్ చేసిన రుఫైదా అనే ఆమె గుడారం అది అని సీరత్ పుస్తకాల్లో ఉంది. మరీజ్‌ని ఊరవతల పెట్టలేదు, మధ్యలో పెట్టారు. అయితే ఇయాదత్‌కి వెళ్లి ఎక్కువసేపు కూర్చోవద్దని కూడా మన బుజుర్గ్‌లే చెప్పారు. మన దగ్గర ఇరవై మంది ఒకేసారి వచ్చి, బహూ చేత మూడుసార్లు చాయ్ పెట్టించి, "మా ఊళ్లో ఒకామెకి ఇలాగే అయి ఆర్నెల్లలో..." అని కథ చెప్పి వెళ్తారు. కీమో నడుస్తున్న మనిషికి ఒక్క జలుబు చాలు, మళ్లీ దవాఖానా ఎక్కడానికి.

మెహదీ నవాజ్ జంగ్ 1955లో హైదరాబాద్‌లో కేన్సర్ దవాఖానా మొదలుపెట్టినప్పటి నుంచి మన జిల్లాల నుంచి బీదవాళ్లు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. 2007 నుంచి ఆరోగ్యశ్రీ వచ్చాక కోత ఖర్చు చాలామందికి తప్పింది. తీమార్‌దారీకి ఏ కార్డూ లేదు. పని మానేసి, చదువు మానేసి కూర్చునేది ఎప్పుడూ ఇంట్లో ఆడపిల్లే. డ్రెయిన్ గొట్టంలోంచి వచ్చిన నీళ్లు కొలిచి రాసేది, రాత్రి రెండింటికి లేచి మాత్ర ఇచ్చేది ఆ పిల్లే. ఆ పిల్లకే అమ్మకి ఏం జబ్బో చెప్పం. "గడ్డ తీశారు" అంటాం. బయట తెలిస్తే రిష్తాలు రావని భయం. రొమ్ము కేన్సర్లలో కొన్ని రక్తసంబంధంలో వస్తాయి. తల్లికి ఏమైందో, ఏ వయసులో అయిందో కూతురికి తెలియకపోతే, తన ఒంట్లో గడ్డ కనిపించిన రోజున ఆ పిల్ల డాక్టర్‌కి ఏం చెబుతుంది?

ఫానీ కూడా దాచింది. ముసలి తండ్రికి తెలియనివ్వకూడదని తాపత్రయపడింది. కానీ ఉత్తరం మాత్రం అక్కకి రాసింది, తలనొప్పితో, మూడు నెలలు కూర్చుని. ఎందుకు రాసిందో కూడా చెప్పింది. తనలాంటి నొప్పి ఎప్పుడైనా వస్తే తనంత కాలం ఆగొద్దని అక్కకీ, అక్క బిడ్డలకీ తెలియాలని.